ఫెస్ పాతనగరంలో ఒక రోజు: నీటి వాలు చెప్పే దారి

మొరాకోలోని ఫెస్ నగరపు పాత భాగం పేరు ఫెస్ ఎల్ బాలీ. దాన్ని వర్ణించే వాళ్ళంతా పద్మవ్యూహంతోనే మొదలుపెడతారు. అడుగుపెడితే దారి తప్పడం ఖాయమనీ, తప్పిపోవడంలోనే ఆనందం ఉందనీ చెబుతారు. వారం రోజులు ఉండేవాళ్ళకి ఆ మాట సరిపోతుందేమో. పొద్దున రైలు దిగి రాత్రికి వెళ్ళిపోవాల్సిన మనిషికి మాత్రం అది పనికిరాని సలహా. పైగా నిజం కూడా కాదు. ఈ ఊరికి గట్టి లెక్క ఉంది. ఏ వీధి ఎక్కడికి పోతుందో, ఏ వృత్తివాళ్ళు ఎక్కడ కూర్చుంటారో, ఏ సందు మధ్యలో ఆగిపోతుందో ముందే ఊహించొచ్చు. నేల ఎటు వాలుతోంది, నీరు ఎటు పారుతోంది, ఇంటి మరుగును ఊరు ఎలా కాపాడుతోంది అన్నవి తెలిస్తే చాలు.

ముందు ఊరి పుట్టుక. నదికి ఈ ఒడ్డున ఒకటి, ఆవలి ఒడ్డున ఒకటిగా ఇవి మొదట రెండు ఊళ్ళు. ఇద్రిసీ వంశపు రాజు మొదటి ఇద్రిస్ 789లో నదికి తూర్పు ఒడ్డున ఒక ఊరు కట్టాడు. ఆయన కొడుకు రెండో ఇద్రిస్ 809లో పడమటి ఒడ్డున ఇంకొకటి కట్టాడు. 818లో స్పెయిన్‌లోని కార్డోబాలో తిరుగుబాటు అణచివేతకు గురయ్యాక అక్కణ్ణించి వెళ్ళగొట్టబడిన కుటుంబాలు తూర్పు ఒడ్డున స్థిరపడ్డాయి. ఆ వాడను ఇప్పటికీ అందలూస్ అనే అంటారు. ట్యునీషియాలోని కైరవాన్ నుంచి వచ్చినవాళ్ళు పడమటి ఒడ్డును ఎంచుకున్నారు. అక్కడి పెద్ద మసీదు పేరు అల్ ఖరవియ్యీన్. రెండు ఊళ్ళూ రెండు శతాబ్దాలకు పైగా గోడలు పెట్టుకుని పోటీపడ్డాయి. 11వ శతాబ్దంలో అల్మొరావిద్ వంశపు పాలకుడు యూసుఫ్ ఇబ్న్ తాష్ఫీన్ వాటిని ఒకే ప్రాకారంలోకి తెచ్చాడు. ఆ తర్వాత 1276లో మరీనిద్ వంశంవాళ్ళు పడమటి మెట్టమీద ఫెస్ ఎల్ జ్దీద్ అనే రాజనగరం కట్టుకున్నారు. యూదుల వాడ మెల్లా, బంగారు రంగు తలుపుల రాజప్రాసాదం ఉన్నది అక్కడే. ఒక్కరోజులో రెంటినీ చూడాలని పరుగులు పెట్టేవాళ్ళు దేన్నీ సరిగ్గా చూడరు. ఎల్ జ్దీద్‌ను వదిలేయండి.

ఊరు ఇలా చెక్కుచెదరకుండా నిలవడానికి ఒక చేదు కారణం ఉంది. 1912లో ఫ్రెంచివాళ్ళు మొరాకోను తమ రక్షణ కిందికి తెచ్చుకున్న ఒప్పందం మీద సంతకాలు జరిగింది ఈ ఫెస్‌లోనే. ఆ వెంటనే రాజధాని రబాత్‌కు తరలింది. పాత ఊరిని ముట్టుకోకుండా, తమకు కావలసిన వెడల్పాటి వీధుల కొత్త పట్టణాన్ని వాళ్ళు కాస్త దూరంలో కట్టుకున్నారు. డబ్బున్న కుటుంబాలు క్రమంగా కాసాబ్లాంకాకో, కొత్త పట్టణానికో వెళ్ళిపోయాయి. ఖాళీ అయిన పెద్ద ఇళ్ళలోకి పల్లెల నుంచి వచ్చినవాళ్ళు గదికో కుటుంబంగా చేరారు. సందుల్లో ఎదురెదురు గోడల మధ్య అడ్డంగా బిగించిన కలప దూలాలు కనిపిస్తాయి. అవి అలంకారం కాదు, గోడలు కూలకుండా పెట్టిన ఆసరా. 1981లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాక మరమ్మతులు ఊపందుకున్నాయి. అయినా ఆ దూలాల కింద నిలబడి ఫొటోలు దిగడం మంచిది కాదు.

వాలు, నీరు, మరుగు

ఊరి ఆకారం గిన్నెలా ఉంటుంది. పడమట బాబ్ బూజ్లూద్ ద్వారం ఎత్తున ఉంది. ఉత్తరాన బాబ్ గిస్సా ద్వారం కూడా ఎత్తునే ఉంది. నది పారే అడుగుభాగంలో ర్‌సీఫ్ కూడలి ఉంది. నది దాటితే నేల మళ్ళీ అందలూస్ వైపు పైకి లేస్తుంది. కాబట్టి మొదటి సూత్రం తేలిక. దిగుతూ ఉంటే ఖరవియ్యీన్‌కో ర్‌సీఫ్‌కో చేరతారు. ఎక్కుతూ ఉంటే ఏదో ఒక ద్వారం దగ్గర బయటపడతారు. ఫోన్‌లోని మ్యాప్ కంటే ఇది నమ్మకమైన దిక్సూచి. సందులు సన్నం, గోడలు రెండుమూడు అంతస్తుల ఎత్తు. ఉపగ్రహాల సంకేతం గోడలకు తగిలి చెదరడంతో ఫోన్ మిమ్మల్ని పక్క సందులో ఉన్నట్టు చూపిస్తుంది. ఆ పక్క సందుకు ఇక్కణ్ణించి దారే ఉండకపోవచ్చు. మ్యాప్‌ను ముందే దింపుకుని దిక్కు తెలుసుకోవడానికి మాత్రమే వాడండి. మలుపు మలుపునా దాని మాట వినకండి.

నీరు కూడా ఈ వాలునే పట్టుకుని నడిచింది. పడమటి మైదానంలోని ఊటల నుంచి వచ్చే ఫెస్ నదిని ఊరికి ఎగువనే పాయలుగా చీల్చి, కాలువల్లో లోపలికి మళ్ళించారు. మసీదులకు, స్నానశాలలకు, తిరగళ్ళకు, ఇళ్ళ నడిమి నీటితొట్లకు ఆ నీరే వెళ్ళేది. తాగడానికి ఊటల నీరు మట్టి గొట్టాల్లో వేరుగా వచ్చేది. వాడిన నీరు మరో దారిన నదిలో కలిసేది. ఇప్పుడు కుళాయిలు వచ్చాయి, వీధి చివర టైల్స్ అతికిన ఫౌంటెన్లు చాలావరకు ఎండిపోయాయి. అయినా ఆ పాత అమరిక వృత్తుల చోట్లను నిర్ణయించేసింది. మురికి చేసే పని దిగువన, శుభ్రమైన పని ఎగువన. తోళ్ళు పదును చేసేవాళ్ళు, అద్దకంవాళ్ళు నది అంచున ఉంటే, సుగంధాలు, కొవ్వొత్తులు, పుస్తకాలు అమ్మేవాళ్ళు పెద్ద మసీదు గోడ పక్కన ఉన్నారు. ముక్కుతోనే ఊరి పటాన్ని సగం చదవచ్చు.

ఇక మరుగు. వీధులు మూడు అంచెలుగా ఉంటాయి. ద్వారం నుంచి మసీదుకు పోయే రాజబాటలు అందరివీ. వాటిలోంచి చీలే వీధులు వాడవి. వాటి నుంచి విడిపోయే దర్బ్ అనే సందు అందులోని నాలుగైదు ఇళ్ళవాళ్ళది, అది ముందుకు సాగదు. పైన ఇల్లు కట్టేసిన చీకటి దారి కనిపిస్తే అది దర్బ్ కావచ్చని అనుమానించాలి. నిర్ధారించుకోవడానికి దుకాణాలను చూడండి. ఇరవై ముప్పై అడుగుల పాటు ఒక్క దుకాణం కూడా లేకపోతే ఇళ్ళవాళ్ళ చోటుకు వచ్చేశారన్నమాట, వెనక్కి తిరగండి. నేల మీద గాడిదల, కంచరగాడిదల పేడ జాడ ఉంటే అది సాధారణంగా ముందుకు పోయే దారి. ఇళ్ళు మన మండువా లోగిళ్ళలా లోపలికి తిరిగి ఉంటాయి. వీధి వైపు మొండిగోడ, గుమ్మం దాటగానే అడ్డుగోడతో ఒక మలుపు, ఆపైనే వెలుగు. వీధిలోంచి లోపలి ఆడవాళ్ళు కనబడకూడదన్నదే ఆ మలుపు ఉద్దేశం. తలుపు తెరిచి ఉందని తొంగిచూడడం అక్కడ పెద్ద తప్పు.

ప్రతి వాడకూ ఒక మసీదు, ఒక ఫౌంటెన్, ఒక హమామ్ అనే స్నానశాల, ఒక రొట్టెల పొయ్యి, పిల్లల ఖురాన్ బడి ఉంటాయి. పిండి ముద్దలు పేర్చిన పలకను నెత్తిన పెట్టుకుని పోతున్న పిల్లవాడు కనిపిస్తే వాడు వాడ పొయ్యికే వెళ్తున్నాడు. ఇంటింటి రొట్టెను అక్కడ కాల్చి ఇస్తారు, పలక మీది గుర్తును బట్టి ఎవరిది వాళ్ళకి చేరుతుంది.

పొద్దుటి నుంచి దిగుతూ

ఉదయం తొమ్మిదింటికి బాబ్ బూజ్లూద్ దగ్గర ఉండండి. రైల్వేస్టేషన్ కొత్త పట్టణంలో ఉంది. ఎర్రరంగు పెటీ టాక్సీ ఎక్కి మీటరు వేయమనండి. ముగ్గురి కంటే ఎక్కువ మందిని ఎక్కించుకోరు. ఎదురుగా కనిపించే అందమైన ద్వారం పాతదేమీ కాదు, 1913లో కట్టింది. బయటివైపు నీలం, లోపలివైపు ఆకుపచ్చ పలకలు. పక్కనే పాత చిన్న ద్వారం కూడా ఉంది. లోపల రెండు రాజబాటలు విడిపోతాయి, ఎడమది తలా కెబీరా, కుడిది తలా స్గీరా. రెండూ కిందికే దిగుతాయి, చివర ఒకే చోటికి చేరతాయి. కెబీరాలో వెళ్ళండి, చూడదగ్గవి దాని మీదే ఉన్నాయి.

కొద్ది అడుగుల్లోనే బూ ఇనానియా మదరసా. మరీనిద్ సుల్తాన్ అబూ ఇనాన్ 1350-1355 మధ్య కట్టించాడు. మొరాకోలో దాదాపు ఏ మసీదు లోపలికీ ముస్లిమేతరులను రానివ్వరు. మదరసాల నడవలోకి మాత్రం రానిస్తారు. అందుకే మిగతా ఊళ్ళో తలుపు బయటి నుంచి మాత్రమే చూడగలిగిన పనితనాన్ని ఇక్కడ చేయి చాచే దూరంలో చూడొచ్చు. టికెట్టు ఇరవై దిర్హామ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. గోడను కింది నుంచి పైకి చదవండి. నడుము ఎత్తు దాకా జెల్లీజ్, అంటే రంగు పలకలను సుత్తితో చిన్న ముక్కలుగా కొట్టి అమర్చిన పని. దానిపైన తడి ఆరకముందే చెక్కిన గచ్చు. ఆపైన దేవదారు కలప. తడికి ఓర్చుకునేది కింద, ఓర్చుకోలేనిది పైన. అందం వెనక ఈ ఇంగితం ఉంది. జెల్లీజ్ పనివాడు ముక్కలను రంగువైపు నేలకు ఆనించి, బోర్లా అమరుస్తాడు. నమూనా మొత్తం వాడి తలలోనే ఉంటుంది. వెనకవైపు గచ్చు పోసి ఎత్తి నిలబెట్టాకే బొమ్మ కళ్ళబడుతుంది. ఇక్కడ అరగంటకు తక్కువ కాకుండా ఉండండి. నమాజు వేళ బయటికి పంపిస్తారు కాబట్టి మధ్యాహ్నానికి వాయిదా వేయకండి.

మదరసా ఎదురు గోడను తల ఎత్తి చూడండి. వరసగా పన్నెండు కిటికీలు, వాటి కింద ముందుకు పొడుచుకొచ్చిన దూలాలు. 1357 నాటి నీటి గడియారం అది. గంటకో కిటికీ తెరుచుకుని, లోహపు గుండు కింది ఇత్తడి గిన్నెలో పడేదట. లోపలి యంత్రం ఎలా పనిచేసేదో చెప్పే ఆనవాళ్ళు మిగల్లేదు.

అక్కణ్ణించి దిగుతుంటే మాంసం, కూరగాయలు, తర్వాత చెప్పులు కుట్టేవాళ్ళు. బల్‌గాలు అనే పసుపుపచ్చ తోలు చెప్పులు ఈ ఊరి ప్రత్యేకత. చెరబ్లియ్యీన్ మసీదు దాటాక జనం చిక్కబడి మసాలాల వాసన మొదలైతే అత్తరీన్ బజారుకు వచ్చినట్టు. అక్కడే కుడివైపు ఓ చిన్న తోవ హెన్నా బజారుకు తీసుకెళ్తుంది. చెట్ల నీడలో గోరింటాకు, తలంటుకునే ఘసూల్ మట్టి అమ్మే చిన్న కూడలి. దాన్ని ఆనుకునే 1286లో కట్టిన మరీనిద్‌ల ఆసుపత్రి, సీదీ ఫ్రెజ్ మరిస్తాన్ ఉండేది. మానసిక రోగులను అక్కడ ఉంచి చూసుకునేవారు. లియో ఆఫ్రికానస్‌గా యూరప్‌కు తెలిసిన యాత్రికుడు కుర్రతనంలో ఇక్కడ గుమాస్తాగా పనిచేశాడు.

తర్వాత కొన్ని అడుగుల్లో దారికి అడ్డంగా ఛాతీ ఎత్తున ఒక కర్ర దూలం. రెండో ఇద్రిస్ సమాధి ఉన్న పవిత్ర ప్రాంతానికి హద్దు అది. ఒకప్పుడు ఇతర మతస్తులు, కంచరగాడిదలు అది దాటకూడదు. ఇప్పుడు తల వంచి వెళ్ళొచ్చు, సమాధి మందిరాన్ని గుమ్మం నుంచే చూడాలి. దగ్గర్లోని నెజ్జారీన్ ఫొందుక్ వర్తకులు సరుకుతో బస చేసిన సత్రం, ఇప్పుడు కలప పనిముట్ల ప్రదర్శనశాల. కాళ్ళు లాగుతుంటే డాబా మీద టీ తాగి దిగండి.

ఖరవియ్యీన్ గురించి చెప్పే మాటల్లో చిక్కుముడి ఒకటుంది. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ తన వారసత్వపు సొమ్ముతో కట్టించిందనీ, ప్రపంచంలోకెల్లా పాత విశ్వవిద్యాలయమనీ గైడ్లు చెబుతారు. ఫాతిమా కథ మనకు చేరింది 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ అబీ జర్ రాతల ద్వారా. మసీదులోనే బయటపడిన ఒక శాసనం మాత్రం 877 నాటిది, అందులో ఇద్రిసీ వంశపు దావూద్ పేరుంది. చరిత్రకారులు దీని మీద వాదించుకుంటూనే ఉన్నారు. మసీదుగా మొదలైన ఆ చోట చదువు తర్వాతి శతాబ్దాల్లో వేళ్ళూనింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం హోదా 1960ల్లోనే వచ్చింది. కట్టించింది ఎవరైనా, అల్మొరావిద్‌లు 12వ శతాబ్దంలో పెంచిన ఆ కట్టడాన్ని చుట్టూ అల్లుకున్న దుకాణాలు కమ్మేశాయి. చుట్టూ తిరిగినా ఎక్కడా పూర్తిగా కనబడదు. ద్వారాల దగ్గర ఆగితే లోపలి ఆవరణ, నీటితొట్టి, తెల్లటి కమానులు కనిపిస్తాయి. నమాజుకు వెళ్ళేవాళ్ళకు అడ్డం లేకుండా పక్కకు నిలబడండి. ఎదురుగా ఉన్న అత్తరీన్ మదరసా 1323-1325 నాటిది. బూ ఇనానియా కంటే చిన్నది, పనితనంలో మరింత నాజూకు. రెంటిలో ఒక్కదానికే సమయముంటే నా ఓటు దీనికే.

మసీదు వెనక్కి తిరిగితే సుత్తుల చప్పుడు. సఫ్ఫరీన్ కూడలిలో రాగి, ఇత్తడి పనివాళ్ళు పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే పెద్ద పాత్రలు వీధిలోనే కొడుతుంటారు. ఖరవియ్యీన్ గ్రంథాలయం తలుపు ఈ కూడలిలోకే తెరుచుకుంటుంది. మొరాకో వాస్తుశిల్పి అజీజా షౌనీ ఆధ్వర్యంలో దానికి మరమ్మతులు జరిగాయి. 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ రాతప్రతి దాచుకున్న చోటది.

తోళ్ళ తొట్ల దగ్గర

సఫ్ఫరీన్ నుంచి ఈశాన్యంగా కొన్ని నిమిషాలు నడిస్తే తోళ్ళు పదును చేసే చోటు, షువారా. పదకొండు లోపల చేరితే పని జోరుగా సాగుతుంటుంది. తొట్లను పైనుంచే చూడాలి, అంటే చుట్టూ ఉన్న తోలు దుకాణాల డాబాలెక్కాలి. గుమ్మంలో పుదీనా కొమ్మ చేతికిస్తారు, అది వాసనకు విరుగుడు. కొందరు చూడ్డానికి డబ్బడుగుతారు, కొందరు కొనమని అడుగుతారు. పది ఇరవై దిర్హామ్‌లు చేతిలో పెట్టి, కొనడానికి రాలేదని ఎక్కే ముందే చెప్పేస్తే గొడవ ఉండదు.

తెల్లటి తొట్లలో సున్నపు నీళ్ళు. మేక, గొర్రె, ఆవు, ఒంటె తోళ్ళను అందులో రోజుల తరబడి నానబెడితే వెంట్రుకల కుదుళ్ళు వదులవుతాయి. గీకి, కడిగి, పావురాల రెట్ట కలిపిన తొట్లో వేస్తారు. వాసనకు సగం కారణం అదే. రెట్టలోని పదార్థాలు తోలులోని కొంత మాంసకృత్తిని కరిగిస్తాయి. దాంతో తోలు సున్నం బిరుసుదనం పోయి మెత్తబడుతుంది. మనుషులు తొట్లోకి దిగి కాళ్ళతో తొక్కేది ఈ దశలోనే. తర్వాత చెట్ల నుంచి తీసిన వగరు పదార్థంతో పదును పెడతారు. మన దగ్గర తంగేడు చెక్కతో చేసేది ఇదే పని, ఆ వగరే తోలును కుళ్ళకుండా ఆపుతుంది. చివరగా గోధుమ రంగు తొట్లలో అద్దకం, డాబాల మీద, కొండవాలుల మీద ఎండబెట్టడం. రంగులన్నీ కుంకుమపువ్వు, గసగసాల పువ్వు, నీలిమందు నుంచి వస్తాయని దుకాణదారులు చెబుతారు. ఇవాళ చాలావరకు రసాయనిక రంగులే. నదిలోకి వదిలే కలుషితం ఈ ఊరికి తీరని సమస్య. మోకాళ్ళ లోతు తొట్లలో నిలబడే ఆ మనుషులు ఎంత కష్టం చేస్తున్నారో చూశాక, వాళ్ళ ముఖాలకు కెమెరా దగ్గరగా గురిపెట్టాలనిపించకూడదు.

తోలు కొంటే ఒక పరీక్ష చాలు. తెల్లటి రుమాలు తడిపి గట్టిగా రుద్దండి. రంగు అంటితే మీ బట్టలకూ అంటుతుంది. లైటర్ వెలిగించి కాలడం లేదని చూపించే విద్యను నమ్మనక్కర్లేదు. మిమ్మల్ని దుకాణానికి తీసుకొచ్చిన మనిషి వాటా మీరిచ్చే ధరలోనే కలుస్తుంది కాబట్టి, ఒంటరిగా వచ్చినప్పుడు బేరం తేలిక.

భోజనం, ఆవలి ఒడ్డు

శాకాహారులు కాస్త జాగ్రత్తపడాలి. ఉదయం పూట దొరికే బిస్సారా ఎండు ఫావా చిక్కుడు గింజలను ఉడికించి మెదిపిన చిక్కటి సూపు. ఆలివ్ నూనె, జీలకర్ర పొడి వేసిస్తారు. కడుపు నిండుతుంది, చవక. జాలూక్ అనే వంకాయ, టమాటా కూర, తెల్ల చిక్కుడు గింజల లూబియా, రవ్వతో చేసే హర్షా రొట్టె బాగుంటాయి. కూరగాయల తజీన్ (మూత ఉన్న మట్టిపాత్రలో సన్నటి సెగ మీద వండే కూర) అని రాసి ఉన్నా అందులో మాంసం రసం ఉండొచ్చు, హరీరా సూపులోనూ అంతే. “బ్లా ల్హమ్” అంటే మాంసం వద్దని. అయినా వండిన తీరు విడిగా అడగాలి. మాంసం తినేవాళ్ళు పస్తీయా రుచి చూడాలి. పల్చటి పొరల మధ్య కోడి లేదా పావురం మాంసం, బాదం, పైన చక్కెర, దాల్చినచెక్క. రూపాయలు అక్కడ మారవు. యూరోలో డాలర్లో తీసుకెళ్ళి, ఇరవై, యాభై దిర్హామ్‌ల చిన్న నోట్లు దగ్గర ఉంచుకోండి.

తిన్నాక చాలామంది వెనక్కి, పైకి ఎక్కడం మొదలుపెడతారు. ఎండలో అదే దారిని ఎదురెక్కడం అనవసరపు శ్రమ. వంతెన దాటి అందలూస్ వైపు వెళ్ళండి. అక్కడ దుకాణాలు తక్కువ, పిలిచి విసిగించేవాళ్ళు ఇంకా తక్కువ. ఊరు తన పనిలో తాను ఉంటుంది. అందలూస్ మసీదు ఉత్తర ద్వారం 13వ శతాబ్దపు మొదట్లో అల్మొహాద్ వంశంవాళ్ళు కట్టింది, దూరం నుంచే కనబడుతుంది. పక్కనే 1320ల నాటి సహ్రీజ్ మదరసా, నడుమ పెద్ద నీటితొట్టి. తిరిగి ర్‌సీఫ్‌కు దిగితే టాక్సీలు దొరుకుతాయి. అక్కడ నదిని పైన కప్పేసి రోడ్డు వేయబట్టే కార్లు ఊరి నడిబొడ్డు దాకా రాగలుగుతున్నాయి. రోజు చివరికి అది కాళ్ళకు పెద్ద ఊరట.

ఎక్కడ చెడుతుంది

“ఆ దారి మూసేశారు” అని చెప్పే కుర్రాళ్ళు బూజ్లూద్ నుంచే వెంటపడతారు. దారి మూసి ఉండదు. వెంట వెళ్తే తోలు దుకాణానికో తివాచీల దుకాణానికో తీసుకెళ్ళి, చివర డబ్బడుగుతారు. నవ్వుతూ “లా, షుక్రన్” (వద్దు, ధన్యవాదాలు) అని ఆగకుండా నడవాలి. ఆగి వివరణ ఇస్తే అదే బేరానికి మొదలు. నిజంగా తప్పిపోతే దుకాణంలో కూర్చున్న మనిషిని ర్‌సీఫ్ ఎటని అడగండి. వాళ్ళు పని వదిలి మీ వెంట రారు, చేత్తో చూపిస్తారు. గైడ్ కావాలనుకుంటే ప్రభుత్వ గుర్తింపు కార్డున్నవారిని ముందురోజే మాట్లాడుకుని, ధర, గంటలు, దుకాణాలకు తీసుకెళ్ళకూడదన్న షరతు మూడూ తేల్చుకోండి.

వెనక నుంచి “బాలక్!” (తప్పుకో) అని కేక వినబడితే కంచరగాడిద వస్తోంది. కారు ఎలాగూ రాదు, గ్యాస్ సిలిండర్లూ తోళ్ళూ సిమెంటూ అన్నీ దాని వీపు మీదే. బరువు రెండు పక్కలా పొంగి ఉంటుంది కాబట్టి గోడకు ఆనుకోవడం చాలదు, దగ్గరి దుకాణం గుమ్మంలోకి ఎక్కేయండి. వానాకాలపు చలి నెలల్లో రాళ్ళు తడిసి, పేడతో కలిసి జారుడుగా మారతాయి. అరికాలు పట్టున్న బూట్లు వేసుకోండి.

రోజు ఎంపికలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి చాలా దుకాణాలు మూసేస్తారు, తొట్ల దగ్గర పని పల్చబడుతుంది. రంజాన్‌లో పగలు తినే చోట్లు దొరకడం కష్టం, మధ్యాహ్నానికి ఊరు నెమ్మదిస్తుంది. మీకున్నది శుక్రవారమే అయితే వరస తిరగేయండి. పొద్దున్నే టాక్సీలో ర్‌సీఫ్‌కు వెళ్ళి షువారా, సఫ్ఫరీన్ ముందు చూసేసి, నమాజు పిలుపు లోపల అత్తరీన్ మదరసా ముగించి, జనం లేని తలా కెబీరాలో మధ్యాహ్నం నెమ్మదిగా ఎక్కుతూ గోడలనూ తలుపులనూ చూసుకోవచ్చు. తోసుకునే జనం లేనప్పుడే నీటి గడియారం కింద తల ఎత్తి తీరికగా నిలబడే చోటు దొరుకుతుంది.